మా నాన్న, నేను, ఒక డొక్కు సైకిలు

మా రూమ్మేటు ఇండియా వెళ్ళిపోతూ బాల్కనీలో తన సైకిలు వదిలేశాడు. "ఎవరికైనా ఇచ్చెయ్ బ్రో" అన్నాడు. ఆర్నెల్లపాటు దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేసుకున్నాను. చివరికి బాల్కనీలో సామాన్లు ఉంచకూడదని అపార్ట్‌మెంటు ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. శాన్‌హోసేలో పాత సైకిళ్ళు విరాళంగా తీసుకుని బాగుచేసే వర్క్‌షాపు ఒకటి ఉందని తెలిసి, ఒక శనివారం కారులో కుక్కి పట్టుకెళ్ళాను.

లోపల అడుగు పెట్టగానే గ్రీజు వాసన, పాత రబ్బరు వాసన కలిసి ముక్కుకి తగిలాయి. గోడ నిండా వేలాడదీసిన పానాలు. కాఫీ డబ్బాల్లో సైజుల వారీగా నట్లు, వాషర్లు, గోళీలు. ఒక్క క్షణం తణుకులో ఉన్నాననుకున్నా.

మా నాన్నది సైకిలు షాపు. పంచర్లు, ఓవరాయిలింగు, గంటకింత అని అద్దె సైకిళ్ళు. (అది ఓవర్‌హాలింగ్ అనే మాటకి వచ్చిన పాట్లు అని ఇంజినీరింగ్‌లో చేరాక గానీ నాకు తెలీలేదు. సైకిలంతా నూనె పోస్తారు కాబట్టి ఓవర్ ఆయిలింగ్ అంటున్నారనుకునేవాణ్ణి.) నన్ను ఎమ్మెస్‌కి పంపిన ఏడాది, అంటే 2019లో, షాపు మూసేశాడు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఇక్కడ ఆఫీసులో ఎవరైనా "మీ నాన్న ఏం చేస్తారు?" అనడిగితే "బిజినెస్" అని చెప్పి మాట మార్చేసేవాణ్ణి.

సైకిలు అప్పగించి వచ్చేస్తుంటే, అక్కడ పనిచేస్తున్న అరవై దాటిన పెద్దాయన ఒక ఫ్రేముని తీసుకెళ్ళి ఇనప తుక్కు డబ్బాలో పడేస్తున్నాడు. చక్రాల్లేవు, హ్యాండిలు లేదు, చైను లేదు. నీలం రంగు మీద అక్కడక్కడా తుప్పు మచ్చలు. సోమవారం తుక్కు లారీ వస్తుందట. "నాకిస్తారా?" అని ఎందుకడిగానో ఇప్పటికీ చెప్పలేను. ఆయన నన్ను పైనుంచి కిందదాకా చూసి, "20 డాలర్లు. కానీ సీటు గొట్టం బిగుసుకుపోయింది, రాదు" అన్నాడు.

అది ట్రెక్ 830. 90ల మొదట్లో అమెరికాలోనే తయారైన మౌంటెన్ బైకు. ఇప్పటి వాటిలా సస్పెన్షన్ ఉండదు. సన్నటి క్రోమోలీ స్టీలు గొట్టాలు, 26 అంగుళాల చక్రాలు, అంతే. మన ఊళ్ళలో ఈ తరహా సైకిలు ఏ కంపెనీదైనా సరే, "రేంజర్ సైకిలు" అంటాం కదా. ఆ రేంజర్లన్నిటికీ మూలపురుషులు ఇలాంటివే.

మూలపురుషులంటే గుర్తొచ్చింది. ఫ్రేము కొన్నాక ఆసక్తి పెరిగి, ఒక ఆదివారం శాన్‌ఫ్రాన్సిస్కో దాటి మారిన్ కౌంటీలోని ఫెయిర్‌ఫాక్స్ వెళ్ళాను. అక్కడ సైకిళ్ళ మ్యూజియం ఉంది. మౌంటెన్ బైకు పుట్టింది ఆ కొండల్లోనే. పుట్టిన తీరు చదివితే నాకు నవ్వాగలేదు. 1970లలో అక్కడి కుర్రాళ్ళు 30ల, 40ల నాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్ళని ఎక్కడెక్కడి నుంచో ఏరుకొచ్చి, మడ్‌గార్డులు పీకేసి, కొండ మీది మట్టిరోడ్ల నుంచి కిందికి దౌడు తీసేవారు. వాటికి వాళ్ళు పెట్టుకున్న పేరు "క్లంకర్". తెలుగులో చెప్పాలంటే అచ్చంగా డొక్కు సైకిలు.

ఆ సైకిళ్ళకి బ్రేకు వెనక హబ్బులోనే ఉండేది. పెడలు వెనక్కి తొక్కితే పడుతుంది. రెండు మైళ్ళ లోపలే సుమారు 1,300 అడుగులు దిగిపోయే ఒక దారి ఉంది. అది దిగేసరికి హబ్బు వేడెక్కి లోపలి గ్రీజంతా కాలి పొగైపోయేది. ప్రతిసారీ విప్పి మళ్ళీ గ్రీజు దట్టించాల్సిందే. అందుకే ఆ దారికి "రీప్యాక్" అని పేరొచ్చింది. 1976 అక్టోబరులో అక్కడే మొదటి పందెం పెట్టారు. మరుసటి ఏడాది జో బ్రీజ్ అనే ఆయన ఈ పనికోసమే కొత్తగా ఫ్రేము తయారుచేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో ఫ్యాక్టరీ సరుకు దించింది. అయితే 1974లోనే కుపర్టినో నుంచి కొంతమంది కుర్రాళ్ళు తమ డొక్కు సైకిళ్ళకి గేర్లు బిగించుకుని మారిన్‌లో జరిగిన పోటీకి వచ్చారట. కుపర్టినో అంటే మనకి ఆపిల్ ఫోన్లే గుర్తొస్తాయి గానీ, ఆపిల్ పుట్టకముందు అక్కడి కుర్రాళ్ళు చేసిన పని ఇది.

మొత్తానికి మౌంటెన్ బైకు అనేదే తుక్కులోంచి ఏరి అతికించిన వస్తువు. కాబట్టి నా ఫ్రేముకి తుక్కు సామాను వాడితే తప్పేమీ లేదనుకున్నాను. కొత్త భాగాలు కొనకూడదని, వర్క్‌షాపు డబ్బాల్లో దొరికినవే వాడాలని నియమం పెట్టుకున్నాను. టైర్లు, ట్యూబులు, కేబుళ్ళు, చైను మాత్రం మినహాయింపు. ఇంటర్నెట్లో చూస్తే ఆ కాలపు భాగాలు పెట్టెతో సహా అమ్మేవాళ్ళున్నారు. ఒక గేరు లివరుకి ఆ ధరలేంటో, కొనేవాళ్ళ పిచ్చేంటో నాకర్థం కాలేదు.

సీటు గొట్టం సంగతి పెద్దగా చెప్పను. స్టీలు ఫ్రేములో అల్యూమినియం గొట్టం ఏళ్ళ తరబడి తడిలో ఉంటే రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. వారం రోజులు నూనె పోసి, గొట్టం తలని వైసులో బిగించి, ఫ్రేముని పట్టుకుని నేనూ పెద్దాయనా తిరగలి తిప్పినట్టు తిప్పితే వచ్చింది. దాంతో నాకు పొగరెక్కింది. మిగతా పని ఇంట్లోనే చేసుకుంటానని ఫ్రేముని అపార్ట్‌మెంటుకి తెచ్చేసుకున్నాను.

అక్కడ దొరికిపోయాను.

పెడళ్ళు తిరిగే ఇరుసు ఉంటుంది చూడండి, అది ఫ్రేము అడుగున రెండు వైపులా రెండు కప్పుల మధ్య, గోళీల మీద తిరుగుతుంది. ఎడమ కప్పు తేలిగ్గానే వచ్చేసింది. కుడి కప్పు రాలేదు. రెండు రాత్రులు డబ్ల్యూడీ-40 కొట్టాను. ఆన్‌లైన్లో 36 మి.మీ. పానా తెప్పించి, దానికి గొట్టం తొడిగి, కాలు తన్నిపెట్టి లాగాను. పానా జారి వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి వీడియో కాల్ వచ్చింది.

మా వారం వారం ఫోన్లు ఎలా ఉంటాయో ముందు చెప్పాలి. ఇక్కడ శనివారం రాత్రి 8 అయితే అక్కడ ఆదివారం పొద్దున్న 8:30. నాన్న ఎత్తుతాడు. "తిన్నావా?" "తిన్నా." "పని బానే ఉందా?" "బానే ఉంది." "సరే, అమ్మకిస్తున్నా." ఆరేళ్ళుగా ఇంతే. గొడవలేం లేవు. మాటల్లేవు, అంతే.

ఆ రోజు మాత్రం చేతికి చుట్టిన టిష్యూ కాగితం మీద రక్తం చూసి, "ఏమైందిరా?" అన్నాడు. ఏం లేదన్నాను. అమ్మ అటునుంచి అరుస్తోంది. తప్పక ఫోను కిందికి తిప్పి ఫ్రేము చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. నెట్వర్కు పోయిందనుకున్నా.

"ఏ వైపు కప్పు?" అన్నాడు.

"చైను వైపుది."

"ఎటు తిప్పుతున్నావు?"

"విప్పే వైపే నాన్నా."

"చేత్తో చూపించు."

చూపించాను.

"అది బిగించే వైపురా. రెండ్రోజుల్నించీ బిగిస్తున్నావు. ఎడమ పెడలు, కుడి కప్పు, ఈ రెండిటికీ ఉల్టా మర. ఇటు తిప్పు. నెట్టకు, ఆగు. సుత్తుందా? పానా చివర ఒక్క దెబ్బ కొట్టు. గట్టిగా ఒక్కటే."

సుత్తి లేదు. చపాతీ కర్రతో కొట్టాను. రెండో దెబ్బకి టక్కుమని కదిలింది.

నాన్న ఏమీ అనలేదు. "గోళీలు జాగ్రత్త. ఏ వైపువి ఆ వైపు గిన్నెలో వేసుకో" అని మాత్రం అన్నాడు. ఆ రోజు అమ్మకి ఫోను ఇవ్వడం మర్చిపోయాడు.

ఈ ఉల్టా మర సంగతి యూట్యూబులో ఏ వీడియో తెరిచినా మొదట్లోనే చెబుతారట. నేను చూడలేదు, ఇంజినీర్ని కదా. తర్వాత కారణం చదివాను. మీరూ చేసి చూడొచ్చు. పెన్సిల్ని గుప్పిట్లో వదులుగా పట్టుకుని, దాని కొనని రెండో చేత్తో గుండ్రంగా తిప్పండి. గుప్పిట్లో పెన్సిలు దానికి ఎదురు దిక్కుగా తిరుగుతుంది. తొక్కేటప్పుడు కప్పు మీదా పెడలు మీదా పడే బరువు కూడా ఇలాగే తిరుగుతూ, మరని వెనక్కి తిప్పాలని చూస్తుంది. మామూలు మర అయితే తొక్కుతుంటే ఊడొచ్చేస్తుంది. మర్నాడు ఫోన్లో నాన్నకిదంతా వివరించబోతే, "అదే కదా చెప్పింది, ఊడకుండా అని" అన్నాడు.

అక్కణ్ణించి మా శనివారాలు మారిపోయాయి. నేను వర్క్‌షాపులో దొరికినవి తెచ్చి కెమెరా ముందు పెట్టేవాణ్ణి, ఆయన చూసి తీర్పు చెప్పేవాడు. క్రాంకులు ఒక విరిగిన ఆడవాళ్ళ సైకిలువి. బ్రేకులు ఒక దానివి, బ్రేకు లివర్లు ఇంకోదానివి. సీటు మా రూమ్మేటు సైకిలుదే. నేను విరాళంగా ఇచ్చినదాన్నే మళ్ళీ 5 డాలర్లు పెట్టి కొనుక్కున్నా. వెనక హబ్బు విప్పినప్పుడు, నేను ఇంకా లెక్కపెట్టకముందే, "ఒక్కో వైపు తొమ్మిది ఉండాలి, చూడు" అన్నాడు. ఒక వైపు ఎనిమిదే ఉన్నాయి. "ఎవడో పారేశాడు" అన్నాడు విసుగ్గా, ఆ ఎవడో తన షాపులో కుర్రాడే అయినట్టు.

పెయింటు దగ్గర మాత్రం పడలేదు. పాత రంగు అలాగే ఉంచి, తుప్పు మచ్చలు రుద్ది మైనం పూస్తే చాలు, ఇక్కడ అదే ఫ్యాషన్ అన్నాను. "తుప్పు ఫ్యాషనా?" అని అమ్మని పిలిచి మరీ చెప్పి నవ్వాడు. ఆయన నవ్వడంలో న్యాయముంది. వర్క్‌షాపు గోడమీద పునర్వినియోగం గురించి, భూగోళం గురించి పెద్ద పోస్టరు ఉంటుంది. పాతది పారేయకుండా బాగుచేసి వాడితే ఇక్కడ దానికి పర్యావరణ స్పృహ అని పేరు. మా ఊళ్ళో ఆ పని ముప్ఫై ఏళ్ళు చేసినాయనకి "పంచర్ల షాపాయన" అని పేరు.

ఇక చక్రాలు. ముందుది ఒక కంపెనీది, నల్ల రిమ్ము. వెనకది వేరే కంపెనీది, వెండి రంగు. పైగా దాని హబ్బు పాతకాలంది, 130 మి.మీ. నా ఫ్రేములో సందు 135. ఇరుసుకి వాషర్లు వేసి వెడల్పు చేసి, రిమ్ముని మళ్ళీ మధ్యకి లాగాలి. అంటే ప్రతి స్పోకూ ముట్టుకోవాలి. నాన్న సుద్దముక్క తెమ్మన్నాడు. ఫ్రేముకి చెయ్యి ఆనించి సుద్దని రిమ్ము పక్కన పట్టుకుని చక్రం తిప్పితే, ఎక్కడ గీత పడితే అక్కడ బెండు. అటు వైపు పుల్ల అరచుట్టు వదులు, ఇటు వైపు పుల్ల అరచుట్టు బిగువు. "ఒకేసారి ఎక్కువ తిప్పావనుకో, ఇక్కడ సరిచేసి అక్కడ చెడగొడతావు." మూడు గంటలు పట్టింది. అక్కడ ఇడ్లీలు చల్లారిపోయి, అమ్మ రెండుసార్లు వచ్చి కసిరి వెళ్ళింది. 

చివరికి రెండు చక్రాలూ బిగించి, సైకిలుని నిలబెట్టి, ఫోను దూరంగా పెట్టి చూపించాను. నల్ల చక్రం, వెండి చక్రం, నీలం ఫ్రేము, గోధుమరంగు సీటు.

నాన్న కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "కలగూరగంప" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు.

ఏడో తరగతిలో మా క్లాసులో సగం మందికి రేంజర్ సైకిళ్ళొచ్చాయి. నాకూ కావాలని గోల చేశాను. నాన్న నెల రోజులు రాత్రిళ్ళు షాపు కట్టేశాక కూర్చుని ఒకటి తయారుచేశాడు. లారీ గుద్ది ముందు చక్రం నలిగిపోయిన రేంజర్ ఫ్రేము ఎవరో తుక్కుకి అమ్మితే కొన్నాడు. ఫోర్కు ఒకదాని నుంచి, చక్రాలు రెండిటి నుంచి, సీటు ఆడపిల్లల సైకిలు నుంచి. ఎవరిదో గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు వేశాడు. తొలిరోజు స్కూలు స్టాండులో పెట్టగానే కుర్రాళ్ళు చుట్టూ చేరి పెట్టిన పేరు అది. సాయంత్రానికి క్లాసంతా పాకింది. నన్నూ అలాగే పిలవడం మొదలెట్టారు. రెండో రోజు సైకిలు సందులో పెట్టేసి స్కూలుకి నడిచివెళ్ళాను. మూడోరోజు నాన్నతో, షాపులో ఇద్దరు గిరాకీలు నిలబడి ఉండగా, "ఈ తుక్కు నాకొద్దు, నువ్వే తొక్కుకో" అన్నాను. ఆయన చేతిలో ట్యూబు ఉంది. నీళ్ళ తొట్టిలో ముంచి పంచరు వెతుక్కుంటూ ఉండిపోయాడు.

వారం తిరక్కుండా ఆకుపచ్చ సైకిలు మాయమైంది. నెలాఖరుకి కొత్త రేంజర్ వచ్చింది. డబ్బులెక్కడివని నేను అడగలేదు. అద్దె సైకిళ్ళలో నాలుగు అమ్మేశాడని చాలా ఏళ్ళ తర్వాత అమ్మ వేరే ఏదో మాటల మధ్య చెప్పింది.

ఆ పేరు మాత్రం ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. నాన్నకి తెలీదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"నీకెలా తెలుసు నాన్నా?"

"ఆ కుర్రాళ్ళంతా గాలి కొట్టించుకోడానికి వచ్చేది మన షాపుకే కదరా."

ఇంకేమనాలో తెలీక, "దాన్నేం చేశావు?" అన్నాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు పదహారేళ్ళు పట్టింది.

"ఆ పచ్చదా? పేపర్లేసే కుర్రాడొకడు తీసుకున్నాడు. ఒకేసారి ఇవ్వలేనంటే నెలనెలా ఇమ్మన్నా. డిగ్రీ అయ్యేదాకా తొక్కాడు. ఒకసారి వెనక టైరు, ఒకసారి ఫ్రీవీలు మార్చా. ఫ్రేము గట్టిది." కాస్త ఆగి, "నీకది సైజు కూడా పెద్దదేలే అప్పటికి" అన్నాడు.

సైజు సరిగ్గానే ఉండేది. నాకు బాగా గుర్తు.

సారీ చెప్పాలనుకున్నాను. మా ఇళ్ళల్లో ఆ మాట నాన్నకి చెప్పే అలవాటు లేదు. "కేబుళ్ళు రేపు వేస్తాను" అన్నాను.

మరుసటి వారం దాన్ని ఫ్రీమాంట్‌లోనే ఉన్న కయోటీ హిల్స్‌కి తీసుకెళ్ళాను. సముద్రపు పాయ ఒడ్డున చిన్న చిన్న గుట్టలు, మధ్యలో దారి. చదునులో దివ్యంగా పోయింది. మొదటి ఎత్తు రాగానే లేచి నిలబడి తొక్కితే, చైను పళ్ళ మీంచి జారి మోకాలు వెళ్ళి హ్యాండిలుకి కొట్టుకుంది. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ జారింది. పక్కనించి ఒక పాప ట్రైనింగు చక్రాల సైకిలు మీద నన్ను దాటి వెళ్ళిపోయింది. ఆ ఎత్తంతా నడిపించుకుంటూ ఎక్కాను.

సంగతి చెబితే నాన్న, "చైను కొత్తదేశావా?" అన్నాడు. అవునన్నాను. "వెనక పళ్ళు పాతవి కదా. పాత చైనుతో కలిసి అరిగినవి. వాటి మీద కొత్త చైను కూర్చోదు. రెండూ కొత్తవెయ్యి, లేదా రెండూ పాతవెయ్యి." వర్క్‌షాపులో చైన్ల డబ్బా అంతా కెలికి, ఓ మాదిరిగా అరిగినదాన్ని కొలిచి తెచ్చుకున్నాను. పెద్దాయన 2 డాలర్లు తీసుకున్నాడు. మొత్తం ఖర్చు 137 డాలర్లు అయింది, ఆన్‌లైన్లో కొన్న పానా కాకుండా.

ఈ శనివారం చైను మార్చి, సైకిలుని తలకిందులుగా నిలబెట్టి ఫోను చేశాను. నాన్న చూపించొద్దన్నాడు.

"చూడ్డం కాదు. ఫోను వెనక చక్రం దగ్గర పెట్టు. పెట్టావా? ఇప్పుడు తొక్కి వదిలెయ్."

తొక్కి వదిలాను. చక్రం చాలాసేపు తిరిగింది. అటునుంచి చప్పుడు లేదు. టీవీ కూడా ఆపేసినట్టున్నారు.

"నాన్నా, వినపడుతోందా?"

"ష్. ఇంకోసారి తిప్పు."

తిప్పాను.

"ఎడమ బ్రేకు రబ్బరు రాస్తోంది. చుట్టుకి ఒకసారి. వెంట్రుకవాసి బయటికి జరుపు."

వంగి చూశాను. రాస్తోంది.